మాక్ మిషన్‌లో అలారం మోగగానే పిల్లలు బెంబేలెత్తిపోతున్నారు, ఏం చేయాలి?

టీచర్ గారూ, మీరు రాసింది చదివాను. చిత్తూరు దగ్గర జిల్లా పరిషత్ హైస్కూల్లో ఆగస్టు 23న జాతీయ అంతరిక్ష దినోత్సవానికి మాక్ మిషన్, అంటే అంతరిక్ష యాత్రని బళ్లోనే నటిస్తూ చేసే ఆట, పెట్టారు. కంప్యూటర్ ల్యాబ్‌లో సగం మిషన్ కంట్రోల్, దుప్పట్లు కట్టిన మిగతా సగం అంతరిక్ష నౌక. మొదట్లో అంతా బాగానే నడిచింది. మీరు బజర్ నొక్కి "క్యాబిన్‌లో గాలి లీకవుతోంది" అనగానే అందరూ ఒక్కసారిగా అరిచారు, ఇద్దరు దుప్పటి ఎత్తుకుని బయటికొచ్చేశారు, కెప్టెన్ అబ్బాయి ఏడ్చేశాడు. వీళ్లకి ప్రశాంతంగా ఉండడం ఎలా నేర్పాలి, కెప్టెన్‌ని మార్చాలా, వచ్చేసారి సైరన్, పొగ కూడా పెడితే భయం అలవాటవుతుందా అని మూడు అడిగారు. నేను తిరుపతిలో ఫిజిక్స్ చెప్పి రిటైరయ్యాను. చుట్టుపక్కల బళ్లలో ఇలాంటి మిషన్లు చాలా ఏళ్లుగా నడిపిస్తున్నాను. నా అనుభవంలో పనికొచ్చినవి చెబుతాను.

"కంగారు పడొద్దు" అనే మాట ఆ గదిలో ఎవరి నోటా రాకూడదు, మీ నోట అసలే రాకూడదు. పెద్దవాళ్లు ఆ మాట అన్నారంటే కంగారు పడాల్సినంత పెద్దదేదో జరిగిందనే పిల్లలు అనుకుంటారు. బెదిరిన పిల్లాడికి చేతికి పని ఇవ్వాలి. ఆ పనుల్లో అన్నిటికన్నా ముందు నేను నేర్పేది ఒకటుంది: "మనకి ఇంకా ఎంతసేపు ఉంది?" అని లెక్కేయడం. మిగతావన్నీ దాని తర్వాతే.

తిరుమల క్యూ కాంప్లెక్స్‌లో మీరూ చూసే ఉంటారు. ఎంతసేపో చెప్పకుండా కూర్చోబెడితే జనం గేటు దగ్గరే నిలబడి తోసుకుంటారు. దర్శనానికి పన్నెండు గంటలని తెలిసిందంటే తిట్టుకుంటూనే అయినా చంటిపిల్లల్ని ఒళ్లో వేసుకుని, పులిహోర పొట్లం విప్పుకుంటారు. పన్నెండు గంటలేమీ తక్కువ కాదు. అయినా అంకె తెలిసింది కాబట్టి మనసు ఒక చోట కూర్చుంటుంది.

ఇది పిల్లల కోసం నేను కల్పించి చెప్పే మాట కాదు. 2018 ఆగస్టు 29న అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రంలో గాలి ఒత్తిడి మెల్లగా తగ్గుతోందని భూమ్మీద కంట్రోల్ వాళ్లు గమనించారు. పైన ఆరుగురు నిద్రలో ఉన్నారు. వాళ్లని లేపారా? లేపలేదు. తగ్గే వేగం చూసి, ప్రమాదం లేదని తేల్చుకుని నిద్రపోనిచ్చారు. మామూలు వేళకి లేచాకే సంగతి చెప్పారు. అప్పుడు ఒక్కో భాగం తలుపు మూసుకుంటూ వెతికితే, అక్కడికి తగిలించి ఉన్న సోయుజ్ అనే రష్యన్ నౌకలో సుమారు 2 మిల్లీమీటర్ల రంధ్రం దొరికింది. ముందు టేపు వేసి, తర్వాత ఎపాక్సీతో పూడ్చారు. అంతరిక్షంలో గోడకి చిల్లు పడితే మనుషుల్ని నిద్ర లేపలేదంటే మా పిల్లలు మొదట నమ్మరు. ఈ కథ చెప్పి, "ఎందుకు లేపలేదో చెప్పండి" అని అడగండి. లెక్క దగ్గరికి వాళ్లే వస్తారు.

లెక్క కూడా ఎనిమిదో తరగతి వాళ్లకి అందేదే. సాధారణ గాలి ఒత్తిడి 760 మిల్లీమీటర్ల పాదరసం. స్టేషన్లో 490ని ఆఖరి గీతగా పెట్టుకుంటారు, ఆలోపే మనుషులు అక్కణ్ణించి కదలాలి. మీ అలారం మోగినప్పుడు అంకె 760. అయిదు నిమిషాల తర్వాత 750, మరో అయిదు నిమిషాలకి 740. అంటే నిమిషానికి 2 తగ్గుతోంది. 740 నుంచి 490కి ఇంకా 250 ఉంది, 2తో భాగిస్తే 125 నిమిషాలు. రెండు గంటల పైమాటే. నిజానికి ఒత్తిడి తగ్గేకొద్దీ లీకు కూడా నెమ్మదిస్తుంది కాబట్టి లెక్కకి వచ్చిన దానికంటే కాస్త ఎక్కువే దొరుకుతుంది. ఆ మాట మాత్రం పిల్లలకి మొదటిరోజే చెప్పకండి, తక్కువ లెక్కతో బతకడం నేర్చుకోనివ్వండి. తర్వాత ఒక తలుపు మూయించి మళ్లీ అంకె చూడమనండి. తగ్గడం ఆగితే లీకు ఆ తలుపు అవతల ఉన్నట్టు, ఆగకపోతే ఇవతలే ఉన్నట్టు.

మీరు చేయాల్సిన పని ఒకటే. ఎక్సెల్‌లో సమయం, ఒత్తిడి రెండు వరుసలు ముందే నింపుకుని, ఒక్కో అంకె సమయానికి తెర మీద కనబడేట్టు పెట్టుకోండి. బళ్లో అటల్ ల్యాబ్ (పిల్లలు పరికరాలు తయారు చేసుకునే ల్యాబ్) ఉంటే ఆర్డ్వినో అనే చిన్న ఎలక్ట్రానిక్ బోర్డుతో ఇంకా ముచ్చటగా చేయొచ్చు. లేకపోయినా నష్టమేమీ లేదు, బోర్డు మీద చాక్‌పీసుతో రాసినా చాలు. మా దగ్గర చాలా బళ్లలో అంతే.

ఇది ఎలా పనిచేస్తుందో పాకాల వైపు ఒక బళ్లో చూశాను. బజర్ మోగింది. మీ దగ్గర జరిగినట్టే అందరూ లేచి నిలబడ్డారు. ఒకడు "హ్యాచ్ మూయండి, హ్యాచ్ మూయండి" అంటున్నాడు గానీ ఏ హ్యాచ్చో, అంటే నౌకలో ఏ తలుపో, వాడికీ తెలియదు. గాలి, ఒత్తిడి చూసుకునే లైఫ్ సపోర్ట్ బల్ల దగ్గర తొమ్మిదో తరగతి పాప ఒకతి కూర్చుని ఉంది. కాయితాలు ఎవరో తోసేస్తే కింద పడిపోయాయి. ఆ పాప వాటి కోసం వంగలేదు. పెన్ను మూత పంటితో తీసి, ఎడమ అరచేతిలో 760 అని రాసుకుంది. పక్కవాడు భుజం పట్టుకుని ఊపుతుంటే విదిలించుకుని గోడ గడియారం వంక చూస్తా కూర్చుంది. 750 రాసింది. 740 రాసింది. అరచేతిలోనే భాగహారం చేసి, "సార్, రెండు గంటలుండాది సార్" అంది. గట్టిగా కూడా అనలేదు. అరుస్తున్న వాళ్లలో ముందు ఒకడు "ఎంత?" అన్నాడు, తర్వాత ఇంకొకడు వచ్చి ఆ పాప చెయ్యి చూశాడు. ఇంకో నిమిషానికి అందరూ కూర్చున్నారు. ఆ గదిలో ఎవరూ ఎవరికీ ధైర్యం చెప్పలేదు.

అయితే అన్ని ప్రమాదాల్లోనూ ఇంత తీరిక ఉండదు. ఇది కూడా పిల్లలకి విడమరిచి చెప్పాలి, లేకపోతే నిప్పంటుకున్నా భాగహారం చేస్తూ కూర్చుంటారు. స్టేషన్లో ముఖ్యంగా మూడు రకాల ఎమర్జెన్సీలకి తర్ఫీదు ఇస్తారు: మంటలు, గాలి లీకు, విషవాయువు. లీకుకి సాధారణంగా లెక్కేసుకునే సమయం ఉంటుంది. మిగతా రెండిటికీ ముందు చెయ్యి కదలాలి, తర్వాతే ఆలోచన. 2015 జనవరి 14న అమ్మోనియా లీకైనట్టు అలారం వచ్చింది. సిబ్బంది మాస్కులు పెట్టుకుని, రష్యన్ల భాగంలోకి వెళ్లి తలుపు మూసుకున్నారు. తర్వాత తేలిందేమిటంటే లీకూ లేదు ఏమీ లేదు, ఒక కంప్యూటర్ పెట్టె చెడిపోయి తప్పుడు సమాచారం పంపింది. "నిజమా కాదా" అని ముందు వాదించుకుంటూ కూర్చోలేదు చూశారా? ఇలాంటి వాటికి మొదటి మూడు పనులు మాత్రం ఎక్కాల్లాగా నోటికి రావాలి: మాస్కు, అందరూ ఒక చోటికి, తలుపు. మూడే. అయిదు పెడితే నాలుగోది ఎవరికీ గుర్తురాదు. రోజూ ప్రార్థన అయ్యాక ఒక్క నిమిషం చేయించండి, వారానికే చేతులకి అలవాటవుతుంది.

ఇక మాట్లాడే తీరు. మీ పిల్లలు అందరూ ఒక్కసారిగా అరిచారన్నారు, దానికి మూలం భయం మాత్రమే కాదు. ఎవరు ఎవరితో మాట్లాడాలో వాళ్లకి ఎవరూ చెప్పలేదు. నౌకతో మాట్లాడే మనిషి కంట్రోల్‌లో ఒక్కరే ఉండాలి. నాసాలో ఆ సీటుని క్యాప్‌కామ్ అంటారు. మిగతావాళ్లు ఏం చెప్పాలన్నా కంట్రోల్ మొత్తానికి పెద్ద అయిన ఫ్లైట్ డైరెక్టర్‌కి చెప్పాలి, డైరెక్టర్ ఒప్పుకుంటేనే క్యాప్‌కామ్ నోట అది పైకి పోవాలి. ముందు ఎవరిని పిలుస్తున్నామో, తర్వాత మనం ఎవరమో, ఆపైన విషయం. విన్నవాళ్లు విన్నది తిరిగి చెప్పాలి. ఇలాగ:

"కంట్రోల్, లైఫ్ సపోర్ట్. ప్రెజర్ 740. అయిదు నిమిషాలకి పది తగ్గుతా ఉంది. రెండు గంటలుంది."

"లైఫ్ సపోర్ట్, కంట్రోల్. 740, అయిదుకి పది, రెండు గంటలు. విన్నాం."

తిరిగి చెప్పడం మొదట పిల్లలకి నవ్వు తెప్పిస్తుంది, నవ్వనివ్వండి. ఎదుటివాళ్లు తన మాట విన్నారని తెలిసిన పిల్ల రెండోసారి అరవదు. అరుపుల్లో సగం "నేను చెప్పేది ఎవరూ వినట్లేదు" అనే బాధతోనే వస్తాయి. ఇంకోటి, ఎమర్జెన్సీలో ఇంగ్లీషే మాట్లాడాలని పట్టుబట్టకండి. ఇంగ్లీషు మీడియం అయినా సరే. అసలు కంగారు చాలదన్నట్టు గ్రామర్ కంగారు కూడా ఎందుకు? ప్రెజర్, హ్యాచ్, ఆక్సిజన్ లాంటివి ఎటూ అలాగే వస్తాయి, మిగతాది వాళ్లింట్లో మాట్లాడుకునే తెలుగులో చెప్పుకోనివ్వండి.

ఈ మాట తీరుకి మంచి నమూనా మన శ్రీహరికోట నుంచే ఉంది, ఇప్పుడది మన తిరుపతి జిల్లాలోదే కదా. 2023 అక్టోబర్ 21న మన వ్యోమగాముల్ని అంతరిక్షంలోకి పంపే గగన్‌యాన్ కోసం టీవీ-డీ1 అనే పరీక్ష జరిగింది. ప్రమాదం వస్తే వ్యోమగాములు కూర్చునే మాడ్యూల్‌ని రాకెట్ నుంచి లాగేసి కాపాడే ఏర్పాటుకి పరీక్ష అది, లోపల మనుషులు లేరు. వాతావరణం బాగాలేక ప్రయోగం ముందే కాస్త వెనక్కి జరిగింది. తీరా కౌంట్‌డౌన్‌లో ఇంకా 5 సెకన్లు ఉండగా కంప్యూటర్ తనంతట తానే ఆపేసింది. దేశమంతా టీవీల ముందు ఉంది. అప్పటి ఇస్రో చైర్మన్ సోమనాథ్ మైకు తీసుకుని చెప్పిన దాని సారాంశం ఇదీ: ఇంజిన్ అనుకున్నట్టు అంటుకోలేదు, వాహనం భద్రంగా ఉంది, దగ్గరికి వెళ్లి చూసి మళ్లీ చెబుతాం. ఏం జరిగింది, ఇప్పుడు పరిస్థితేమిటి, తర్వాత ఏం చేస్తాం. కారణం ఊహించి చెప్పలేదు. లోపం కనిపెట్టి సరిచేసి, అదే ఉదయం 10 గంటలకి ప్రయోగించారు. మాడ్యూల్ పారాచూట్లతో బంగాళాఖాతంలో దిగింది. ఆ వీడియో దొరుకుతుంది, పిల్లలకి వేసి చూపించండి. చూపించాక "ఆయన చెప్పనిది ఏమిటి?" అని అడగండి. మంచి చర్చ నడుస్తుంది.

ఆపడం కూడా ఒక నిర్ణయమేనని దీంతోనే చెప్పొచ్చు. 2019 జూలై 15న చంద్రయాన్-2ని ప్రయోగానికి ఇంకా 56 నిమిషాల 24 సెకన్లు ఉందనగా ఆపేశారు, వారం తిరిగేసరికి జూలై 22న పంపారు. పిల్లలు ఏదో ఒక బటన్ నొక్కేయడమే వీరత్వం అనుకుంటారు. మా మిషన్లలో కెప్టెన్ "హోల్డ్" అంటే రెండు నిమిషాలు ఎవరూ దేన్నీ ముట్టుకోకూడదు, అంకెలు మాత్రం రాసుకోవచ్చు.

పొగ, సైరన్ సంగతి అడిగారు. పొగ వద్దు. ఎప్పటికీ వద్దు. తరగతిలో ఆస్తమా ఉన్న పిల్లలు ఎవరో మనకి అన్నిసార్లూ తెలియదు. సైరన్ ఆఖర్న. మొదటి రెండు మూడు సార్లు ఎమర్జెన్సీని పూర్తి నిశ్శబ్దంలో, ముందే చెప్పి చేయించండి: "ఇవాళ లీకు వస్తుంది, రెడీగా ఉండండి." పిల్లలకి తెలిసిపోతే ఇంకేం పరీక్ష అంటారేమో, ఇది పరీక్ష కాదు కదండీ. చేతులకి దారి తెలిశాక సమయం చెప్పకుండా చేయండి, ఆ తర్వాత రెండు సమస్యలు కలిపి, ఆ తర్వాతే బజర్. బజర్ పెట్టినప్పుడు కూడా దాన్ని ఆపే స్విచ్ పిల్లల చేతిలోనే ఉండాలి. చెవుల్లో రొద పెడుతుంటే పెద్దవాళ్ల బుర్రే పనిచేయదు.

ఆట ఆపే మాట ఒకటి ముందే ఖాయం చేసుకోండి. మాలో "నిజం, నిజం" అంటే లైట్లు వేసి అంతా ఆపేయాల్సిందే, అన్నవాళ్లు చిన్నవాళ్లయినా సరే, కారణం అడక్కూడదు. కడుపునొప్పి వచ్చినా, ఊపిరాడనట్టు ఉన్నా, నిజంగానే ప్లగ్గులో మంట వచ్చినా అదే మాట. దుప్పటి అవతలికి ఎప్పుడైనా పోవచ్చని కూడా చెప్పండి, తలుపుకి గడియ పెట్టకండి. మీ ఇద్దరు పిల్లలు దుప్పటి ఎత్తుకుని బయటికొచ్చారే, వాళ్లని తప్పు పట్టకండి. బయటికి పోయే దారి ఉందని తెలిసిన పిల్లలే లోపల ఎక్కువసేపు ఉంటారు.

హెడ్‌మాస్టరు గారు, ఎంఈఓ గారు వచ్చి కూర్చున్న రోజున కొత్త ఎమర్జెన్సీ పెట్టకండి. అతిథుల ముందు పిల్లలు లెక్క మానేసి నటిస్తారు. వాళ్లకి కావాలంటే ప్రయోగం, డాకింగ్ (రెండు నౌకలు కలుసుకోవడం) చూపించండి, ఫోటోలు కూడా బాగా వస్తాయి.

ఊపిరి గురించి చాలామంది చాలా చెబుతారు. నేను చెప్పేది ఒక్కటే, మాట్లాడే ముందు గాలి మెల్లగా బయటికి వదలమంటాను. గట్టిగా పీల్చమంటే భయంలో ఉన్న పిల్లలు వరసగా పీల్చేసి తల తిరుగుతోందంటారు.

కెప్టెన్ అబ్బాయి దగ్గరికొద్దాం. మార్చకండి. కనీసం ఇప్పుడే మార్చకండి. ఏడ్చినందుకు సీటు పోయిందంటే మిగతా పిల్లలు నేర్చుకునేది ఏడుపు దాచుకోవడమే. పైగా మీరు చెప్పిన దాన్నిబట్టి ఆ అబ్బాయి క్లాసు ఫస్టు, అందుకే కెప్టెన్‌ని చేశారు. ఫస్టు వచ్చే పిల్లలకి ఒక చిక్కుంటుంది, జవాబు తెలియని స్థితిలో నలుగురి ముందు నిలబడడం వాళ్లకి అలవాటుండదు. వాడికి "తెలీదు, కనుక్కుని చెప్తా" అనే మాట ఇవ్వండి, కెప్టెన్ అనాల్సిన మాటే అని గట్టిగా చెప్పి ఇవ్వండి. చంద్రుడి వైపు వెళ్తున్న అమెరికా నౌక అపోలో 13లో ఆక్సిజన్ ట్యాంకు పేలినప్పుడు ఫ్లైట్ డైరెక్టర్ జీన్ క్రాంజ్ తన బృందానికి చెప్పింది కూడా అలాంటిదే, ఊహలతో సమస్యని ఇంకా పెద్దది చేయొద్దని.

తర్వాత కూర్చుని మాట్లాడుకోవడం అసలు మిషన్ కంటే ముఖ్యం. దానికి మిషన్ నడిచినంత సమయమైనా పెట్టండి. దీనికి నేను వాడే ఉదాహరణ అపోలో 11. చంద్రుడి మీద దిగడానికి కొద్దివారాల ముందు, 1969 జూలై మొదట్లో, హ్యూస్టన్‌లో ఒక రిహార్సల్ జరిగింది. రిహార్సల్ నడిపేవాళ్లు కావాలనే కంప్యూటర్ అలారం ఒకటి పెట్టారు. గైడెన్స్ చూసే స్టీవ్ బేల్స్‌కి అప్పుడు 26 ఏళ్లు. ఆ అలారం ఏమిటో తెలియక దిగడం రద్దు చేయించాడు. అక్కర్లేకుండా రద్దు చేశారని తర్వాత తేలింది. దానికి అతన్ని తీసేయలేదు. అలాంటి అలారాలన్నీ ఏవేవి వస్తాయి, వస్తే ఏం చేయాలి అని జాబితా రాయమన్నారు. జాక్ గార్మన్ అనే 24 ఏళ్ల కుర్రాడు చేత్తో రాసి బల్ల మీద పెట్టుకున్నాడు. జూలై 20న ఆర్మ్‌స్ట్రాంగ్, ఆల్డ్రిన్ నిజంగా దిగుతున్నప్పుడు అలాంటిదే 1202 అనే కంప్యూటర్ అలారం వచ్చింది. గార్మన్ జాబితా చూశాడు, బేల్స్ కొన్ని సెకన్లలోనే కొనసాగించొచ్చని చెప్పాడు. అదే బేల్స్.

కాబట్టి మీ పిల్లల్ని కూర్చోబెట్టి "ఎవరి తప్పు" అని మొదలుపెట్టకండి. ఒక్కొక్కరూ తన బల్ల దగ్గర ఏం కనబడింది, ఏం వినబడింది, అప్పుడు ఏం అనుకున్నారు, ఇంతే చెప్పాలి. కెప్టెన్ చివర్న మాట్లాడాలి, ముందు మాట్లాడితే మిగతావాళ్లు వాడి మాటకే తాళం వేస్తారు. మీరు అసలు మాట్లాడకండి, రాసుకోండి. చివరికి పిల్లల చేత ఒక పేజీ జాబితా తయారు చేయించి గోడకి అంటించండి. నేను ఇచ్చిన చెక్‌లిస్టుని పిల్లలు ఎప్పుడూ సరిగా చదవలేదు, వాళ్లు రాసుకున్నదైతే చీకట్లో కూడా చదువుతారు. అక్షరాలు పెద్దగా, వరసకి ఒకే పని.

మళ్లీ నడిపేటప్పుడు లీకు కాకుండా అపోలో 13 కథ పెట్టుకోమని నా సలహా. చేతులకి పని ఎక్కువ, అరవడానికి తీరిక తక్కువ. 1970 ఏప్రిల్ 13న ట్యాంకు పేలాక లవెల్, స్విగర్ట్, హేజ్ ముగ్గురూ చంద్రుడి మీద దిగడానికి చేసిన లూనార్ మాడ్యూల్‌లోకి చేరారు. అది ఇద్దరి కోసం చేసింది. ఊపిరితో వచ్చే కార్బన్ డయాక్సైడ్ పేరుకుంటోంది. దాన్ని పీల్చుకునే డబ్బాలు పక్క మాడ్యూల్‌లో ఉన్నాయి గానీ అవి చదరంగా ఉన్నాయి, ఇక్కడి గొట్టాలు గుండ్రటి వాటికి సరిపోయేవి. నౌకలో ఉన్న ప్లాస్టిక్ సంచులు, అట్టలు, సూట్ల గొట్టాలు, టేపుతో ఎలా అతికించాలో కింద ఇంజనీర్లు ముందు తాము చేసి చూసుకుని, మెట్టు మెట్టుగా మాటల్లో పైకి చెప్పారు.

దీనికి చాక్‌పీసు డబ్బా ఒకటి రెండు చివర్లూ కోసి, వాషింగ్ మెషిన్ పైపు ముక్క, రెండు పాలిథిన్ కవర్లు, పాత ప్యాడ్ అట్ట, బ్రౌన్ టేపు చాలు. రెండు జతలు తయారుగా పెట్టండి, ఒకటి కంట్రోల్ గదికి, ఒకటి నౌకకి. కంట్రోల్ వాళ్లు ముందు తాము చేసుకోవాలి, నౌక వాళ్లకి కనబడకూడదు, మాటల్లోనే చెప్పాలి. రెండు ఫోన్ల మధ్య కాల్ పెట్టుకుంటే సరిపోతుంది, వీడియో మాత్రం ఆపేయించండి. నలభై నిమిషాలు ఇవ్వండి. అయ్యాక పైపులోంచి ఊది, అతుకుల దగ్గర టిష్యూ కాయితం పీలిక పెట్టి చూడండి. అది కదిలితే గాలి పక్కల నుంచి పోతున్నట్టు. మళ్లీ టేపు తీసుకోమనండి, గడియారం మాత్రం ఆపకండి.